నాందేడ్ నుంచి ఏ రేసుకు పోదాం?

మా మేనల్లుడికి నాందేడ్ ఇత్వారాలో బైకుల రిపేరు షెడ్డు ఉంది. దసరా ముందు ఒక సాయంత్రం, చేతులకంటిన ఆయిలు గుడ్డతో తుడుచుకుంటూ వాడు అడిగాడు: “మామా, రెండేండ్ల సంది చిట్టీ కడుతున్న. ఈసారి పాడుకుంట. ఒక్కసారన్న అసలు రేసు కండ్లార చూడాలె. సింగపూర్ పోదామా?” ఫోన్‌లో ఫార్ములా 1 చూస్తూ పెరిగినవాడు. బండి షెడ్డు ముందు ఆగకముందే చప్పుడు విని జబ్బు చైనులో ఉందో, వాల్వులో ఉందో చెప్పేస్తాడు. ఆశ పెద్దది, చేతిలో డబ్బు కొద్దిది. అందుకే వెంటనే ఊఁ అనలేకపోయాను. “రెండ్రోజులు ఆగురా అల్లుడా, లెక్క చూసి చెప్త” అన్నాను.

ఆ లెక్కే ఇది. ఇందులో కొన్ని నేను కళ్ళతో చూసినవి. మిగతావి ఏళ్ల తరబడి చదివి, టీవీలో చూసి, వెళ్ళొచ్చినవాళ్ళను అడిగి తెలుసుకున్నవి.

మా జిల్లాకు పందెం కొత్త కాదు. లోహా తాలూకా మాళెగావ్‌లో ఖండోబా జాతరంటే గుర్రాలు, పశువులు, కుస్తీలు. ఎడ్లబండ్ల పందేలు ఏళ్లపాటు ఆగిపోయి, 2023 మేలో సుప్రీంకోర్టు రాష్ట్ర చట్టాన్ని సమర్థించాక నిలదొక్కుకున్నాయి. మోటారు రేసు చూడాలంటే మాత్రం ఊరు దాటాల్సిందే. 1956 దాకా మేం హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నవాళ్ళం. మా స్టేషన్ ఇప్పటికీ దక్షిణ మధ్య రైల్వేది. ముద్‌ఖేడ్, ధర్మాబాద్, బాసర దాటి, గోదావరి వంతెన మీదుగా నిజామాబాద్ చేరే దారి ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలకు కూడా కంఠతా వచ్చు. కాబట్టి రేసు మాట రాగానే మొదట హైదరాబాదే తలపుకొస్తుంది. నా లెక్క కూడా అక్కడే మొదలుపెట్టాను.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిగింది. భారతదేశంలో ఆ ప్రపంచ పోటీ అడుగుపెట్టడం అదే మొదలు. తెల్లవారకముందే నాందేడ్‌లో కారెక్కి దెగ్లూర్, సంగారెడ్డి మీదుగా వెళ్ళాను. ఎన్టీఆర్ మార్గ్, లుంబినీ పార్కు, కొత్త సచివాలయం చుట్టూ 2.83 కిలోమీటర్ల ట్రాక్ వేశారు. నిత్యం సిటీబస్సులు తిరిగే రోడ్డు మీద రెండు పక్కలా కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద ఎత్తైన ఇనుప జాలీ. అవన్నీ కరెంటు కార్లు. పెట్రోలు ఇంజన్ అయితే దూరం నుంచే గుండెల్లో మోగుతుంది. ఈ కారు వస్తున్నట్టు చెవికి ముందుగా తెలియదు. సన్నటి ఈలలాంటి మోత ఒక్కసారిగా పెరిగి, టైర్లు తారును గీకిన చప్పుడుతో కారు మన ముందు నుంచి జారిపోతుంది. బ్రేకు నొక్కినప్పుడు వెనక చక్రం సన్నగా వణకడం కనబడింది. టీవీలో అది ఎప్పుడూ కనబడలేదు నాకు.

రేసు కూడా గట్టిదే. టాటాల చేతిలో ఉన్న జాగ్వార్ జట్టు మిచ్ ఎవాన్స్‌తో మొదటి స్థానం నుంచి బయలుదేరింది. ఒక హెయిర్‌పిన్ మలుపులో అదే జట్టు రెండో కారు, సామ్ బర్డ్‌ది, వచ్చి అతణ్ణే గుద్దింది. రెండు కార్లూ పోయాయి. స్టాండులో మా వరుసంతా తలలు పట్టుకుంది. చివరికి ఫ్రెంచివాడు జాఁ ఎరిక్ వెర్న్ గెలిచాడు, నిక్ కాసిడీ వెన్నంటే వచ్చాడు. ఆ సాయంత్రం తిరుగుదారిలో, ఏటా ఫిబ్రవరిలో ఇటు వస్తే చాలుననుకున్నాను.

ఏడాది తిరగలేదు. 2024 ఫిబ్రవరిలో జరగాల్సిన రెండో రేసు రద్దయిందని జనవరి మొదటి వారంలోనే నిర్వాహకులు ప్రకటించారు. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారింది. ఒప్పందం నిలవలేదు. తర్వాత ఆ చెల్లింపుల వ్యవహారం ఏసీబీ కేసుల దాకా వెళ్ళింది. తప్పెవరిదన్నది కోర్టులు తేల్చుకుంటాయి. అభిమానికి మిగిలింది ఒక్కటే: అక్కడికి దేని కోసం వెళ్ళామో అది ఇప్పుడు అక్కడ లేదు.

అందుకే నా లెక్కలో మొదటి ప్రశ్న, ఆ రేసు జరుగుతుందన్న నమ్మకం ఎంత? గ్రేటర్ నోయిడాలో 2023 సెప్టెంబరులో బైకుల ప్రపంచ పోటీ మోటోజీపీ భారత్ జరిగింది. మార్కో బెజెక్కీ గెలిచాడు. మరుసటి ఏడాది ఆ రేసు జరగలేదు. చెన్నైలో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రిపూట వీధి రేసును 2023 డిసెంబరులో పెట్టాలనుకున్నారు. మిచౌంగ్ తుఫాను నగరాన్ని ముంచేసింది. ఆ రేసు చివరికి 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో జరిగింది. బయటి దేశాల్లోనూ ఇంతే. 2020 మార్చి 13న మెల్‌బోర్న్‌లో జనం గేట్ల దగ్గర వరుసల్లో నిలబడి ఉండగానే కరోనా వల్ల రేసు రద్దయింది. 2023లో వరదల వల్ల ఇమోలా రేసు పోయింది. అన్నిటికన్నా 2021 ఆగస్టు నాటి బెల్జియం రేసు నన్ను ఎక్కువ బాధపెట్టింది. స్పా అడవిలో జనం వానలో మూడు గంటలకు పైగా తడిశారు. సేఫ్టీ కారు వెనక కార్లు కొన్ని చుట్లు తిరిగాయి. దాన్నే రేసని సగం పాయింట్లు పంచారు. చిట్టీ డబ్బుతో వెళ్ళినవాడికి ఆ దెబ్బ ఎంత గట్టిగా తగులుతుందో వేరే చెప్పాలా?

శాశ్వతంగా కట్టిన ట్రాక్ ఉన్నచోట, ఒక క్లబ్బు ఏళ్ల తరబడి నడుపుతున్నచోట ఈ ప్రమాదం తక్కువ. ప్రభుత్వం సొమ్ముతో రోడ్లు మూసి నడిపే రేసుకు ఆ ప్రభుత్వానికున్నంత ఆయుష్షే ఉంటుంది.

రెండో ప్రశ్న, నా కంటికి ఎంత కనబడుతుంది? దీన్ని చాలామంది అడగరు. సింగపూర్ మరీనా బే ట్రాక్ పొడవు 2023లో మార్చాక సుమారు 4.9 కిలోమీటర్లు, రేసు 62 చుట్లు. నా సీటు ముందు నుంచి ఒక కారు నాలుగు సెకన్లు కనబడుతుందనుకుందాం. మొత్తం రేసులో ఆ కారును నేను చూసేది నాలుగు నిమిషాలకు కాస్త ఎక్కువ. మిగతా సమయమంతా ఎదురుగా పెట్టిన పెద్ద తెర, చెవిలో వ్యాఖ్యానం. అందుకే రేసుకు పోవడమంటే ఆదివారం రెండు గంటలే అనుకుంటే ఘోరంగా నష్టపోతాం. శుక్రవారం ప్రాక్టీసు, శనివారం క్వాలిఫయింగ్, మధ్యలో చిన్న తరగతుల రేసులు, ఇవన్నీ చూస్తేనే డబ్బుకు న్యాయం. ప్రాక్టీసు రోజున మలుపు మార్చి మలుపు దగ్గర నిలబడి, ఎవడు ఎక్కడ బ్రేకు నొక్కుతున్నాడో చూస్తే ఆదివారం రేసు మనకు వేరేగా అర్థమవుతుంది.

మన దేశంలో ఫార్ములా 1 చూసిన తరం ఒకటుంది. గ్రేటర్ నోయిడాలోని 5.125 కిలోమీటర్ల బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో 2011, 2012, 2013లో మూడు రేసులు జరిగాయి. మూడూ సెబాస్టియన్ వెటెల్‌వే. మొదటి ఏడాది ప్రాక్టీసులో వీధికుక్క ట్రాక్ మీదికొచ్చి బండ్లు ఆపించింది. చివరి ఏడాది వెటెల్ నాలుగోసారి ప్రపంచ విజేతయ్యాడు. మెయిన్ స్టాండు ముందు కారును గిరగిరా తిప్పి, దిగి, దానికి వంగి దండం పెట్టాడు. మా ఊరి నుంచి సచ్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో ఢిల్లీకి పోయి చూసొచ్చినవాళ్ళు ఆ చప్పుడు గురించి ఇప్పటికీ చెబుతారు. వాళ్ళు విన్నది వీ8 ఇంజన్లను, వాటి ఆఖరి ఏళ్ళలో. 2014 నుంచి ఫార్ములా 1లో టర్బో హైబ్రిడ్ వచ్చింది, ఆ కేక మళ్ళీ లేదు. పన్నుల తగాదా ఆ రేసును మింగేసింది. ఇది క్రీడా, వినోదమా అన్న దగ్గరే మన యంత్రాంగం ఆగిపోయింది. ట్రాక్ ఇంకా ఉంది కదా, మళ్ళీ వస్తుందన్న వార్తలు ఏటా వస్తూనే ఉంటాయి. టికెట్ల అమ్మకం మొదలయ్యేదాకా వాటిని నమ్ముకుని డబ్బు దాచుకోవద్దని నా సలహా.

ఇక నా మనసుకు నచ్చిన చోటు. చెన్నై నుంచి బెంగళూరు రోడ్డు మీద శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడ సొంత ట్రాక్ కట్టుకుంది. అంతకుముందు వాళ్ళ రేసులు చెన్నైకి ఉత్తరాన షోలవరంలోని పాత యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద జరిగేవి. 1990 నుంచి ఇరుంగాట్టుకోట్టై నడుస్తోంది. పొడవు 3.717 కిలోమీటర్లు. జాతీయ కార్ల పోటీలు, బైకుల పోటీలు, 1994 నుంచి టీవీఎస్ నడుపుతున్న వన్‌మేక్ రేసులు, అంటే అందరికీ ఒకే మోడల్ బండి ఇచ్చి పెట్టే పందేలు, ఇవన్నీ అక్కడ జరుగుతాయి. కోయంబత్తూరు నుంచి వచ్చిన నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా 1లో దిగిన మొదటి భారతీయుడయ్యాడు. చెన్నై వాడైన కరుణ్ చందోక్ 2010లో దిగాడు. మన హైదరాబాద్ కుర్రాడు కొండా అనిందిత్ రెడ్డి జాతీయ టైటిళ్లు గెలుచుకున్నదీ ఇలాంటి దేశీ పోటీల్లోనే.

నేను వెళ్ళింది బైకుల రేసుల వారాంతానికి. పొద్దున ఎనిమిదికే ఎండ చురుక్కుమంటోంది. గ్రిడ్ మీద పదిహేనేళ్లు కూడా నిండని పిల్లాడు తోలు సూటులో బండి మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళ నాన్న కాబోలు, పక్కన నిలబడి గొడుగు పట్టాడు. ఒక చేత్తో గొడుగు, రెండో చేత్తో పిల్లాడి హెల్మెట్ అద్దం తుడుస్తున్నాడు. జెండా ఊపగానే ఇరవై బండ్లు ఒక్కటే మోతతో మొదటి మలుపులోకి దూకాయి. మోకాలు నేలకు రాసుకుంటూ వంగిన కుర్రాళ్ళు నాకు ఎంత దగ్గరగా వెళ్ళారంటే, గేరు మార్చిన టక్కుమన్న చప్పుడు విడిగా వినబడింది. మూడో చుట్టులో ఒకడు జారిపడ్డాడు. బండి కంకరలోకి దొర్లింది. వాడు లేచి, చేతులు దులుపుకుని, నారింజ రంగు బట్టల మార్షల్‌తో కలిసి బండి లేపాడు.

ఆ తర్వాత చూసిందే అసలు. పడ్డ బండి షెడ్డుకొచ్చింది. క్లచ్ లీవరు విరిగింది, ఫుట్‌రెస్టు వంగింది, రేడియేటరు నిండా కంకర. ఇద్దరు మెకానిక్కులు మాటల్లేకుండా పని అందుకున్నారు. ఒకడు లీవరు మార్చాడు, ఒకడు వంగిన కడ్డీని గొట్టంతో వెనక్కి వంచాడు. తర్వాతి రేసు పిలుపొచ్చేలోపు బండి మళ్ళీ స్టార్టయింది. నిలబడి చూస్తున్న నాకు ఇత్వారా షెడ్డు గుర్తొచ్చింది. మా అల్లుడు రోజూ చేసే పనే అది. వాడికి సింగపూర్‌లో జాలీ వెనక నుంచి తెర చూపించే కన్నా, ఆ మెకానిక్కుల పక్కన పది నిమిషాలు నిలబెడితే ఎంత నేర్చుకుంటాడో అనిపించింది. పొద్దున నుంచి సాయంత్రం దాకా ఒకదాని తర్వాత ఒకటి రేసులే. ఖర్చు ఫార్ములా 1తో పోలిస్తే లెక్కలోకే రాదు.

కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళయంలో కారి మోటార్ స్పీడ్‌వే కూడా ఇలాంటిదే, కాకపోతే చిన్నది, 2.1 కిలోమీటర్లు. మారుతి 800 ఇంజన్‌తో ఫార్ములా మారుతి రేసు కారు తయారుచేసి, సామాన్య కుటుంబాల పిల్లలకు కూడా రేసింగ్ దారి తెరిచిన ఎస్. కారివర్ధన్ పేరు మీద 2003లో అది వెలిసింది. ట్రాక్ పొట్టిది కాబట్టి ఒకచోట కూర్చుంటే చాలా భాగం కనబడుతుంది. కాకపోతే నాందేడ్ నుంచి దూరాభారం.

ఇండియన్ రేసింగ్ లీగ్‌కు వెళ్ళాలని అడిగే కుర్రాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ జట్టును అక్కినేని నాగచైతన్య కొన్నాక ఆ ఉత్సాహం ఇంకా పెరిగింది. పోవచ్చు, కానీ ఆ రౌండు శాశ్వత ట్రాక్ మీద ఉంటేనే టికెట్ కొనమంటాను. ర్యాలీల రుచి వేరు. చిక్కమగళూరు కాఫీ తోటల్లో మట్టిదారి పక్కన నిలబడితే నిమిషానికో బండి ధూళి లేపుకుంటూ పోతుంది. ఎవరు ముందున్నారో అక్కడ తెలియదు. తోడుగా తెలిసినవాడు లేకుంటే నిలబడే చోటు ఎంచుకోవడమే ప్రమాదం. మొదటిసారి వెళ్ళేవాడికి ర్యాలీ వద్దంటాను.

దేశం దాటాలన్న కోరిక తప్పు కాదు. దాటేటప్పుడు మాత్రం మనవాళ్ళు ఎక్కడున్నారో చూసుకోవాలి, ఎందుకంటే రేసు వారం హోటలు గది ధర టికెట్‌ను మించిపోతుంది. నిజామాబాద్, జగిత్యాల, మా ధర్మాబాద్, బిలోలి వైపు ఇళ్లలో గల్ఫ్‌లో ఒకరైనా లేని వాడకట్టు అరుదు. బహ్రెయిన్ సాఖీర్‌లో 2004 నుంచి, అబుదాబి యాస్ మరీనాలో 2009 నుంచి ఫార్ములా 1 జరుగుతోంది. బావమరిది గదిలో చాప పరిస్తే ఖర్చు సగం తగ్గుతుంది. ఒక మాట మాత్రం మరవొద్దు. వాళ్ళు అక్కడ పనికి పోయినవాళ్ళు, వారానికి ఒకే సెలవు దొరికేవాళ్ళు చాలామంది. సెలవు అడిగించి వాళ్ళను ఇబ్బంది పెట్టొద్దు, వీలైతే వాళ్ళకూ ఒక టికెట్ కొనండి. సికింద్రాబాద్‌లో పుట్టిన తమిళ నటుడు అజిత్ కుమార్ జట్టు 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో తన తరగతిలో మూడో స్థానం తెచ్చుకుంది. అప్పుడు స్టాండుల్లో జెండాలు ఊపినవాళ్ళలో ఇలా పనికి పోయిన మన దక్షిణాదివాళ్ళూ ఉన్నారు. 24 గంటల రేసు అభిమానికి మంచి బేరం కూడా. ఒక్క టికెట్ మీద పగలు, రాత్రి, తెల్లవారు, మూడూ చూస్తాం.

అక్కో తమ్ముడో డాలస్‌లో ఉంటే, ఆస్టిన్‌లోని సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్ కారులో మూడు నాలుగు గంటల దూరం. 2012లో తెరిచిన ఆ ట్రాక్ మొదటి మలుపు కొండెక్కినట్టు ఉంటుంది, కింద గడ్డి మీద కూర్చున్నా కనబడుతుంది. పిల్లల చదువు చూడ్డానికో, పురిటికో అమెరికా వెళ్ళే తల్లిదండ్రులున్న ఇళ్ళు ప్రయాణాన్ని అక్టోబరుకు జరుపుకుంటే ఆ రేసు కలిసొస్తుంది. ఐరోపా ట్రాకుల గురించి ఎక్కువ చెప్పను. మోంజా 1922 నాటిది, ల్ మాన్ 24 గంటల రేసు 1923లో మొదలైంది. వాటి మట్టిలోనే చరిత్ర ఉంది. కానీ షెంగెన్ వీసా, యూరో ధరలు, రెండు విమానాలు కలిస్తే అవి జీవితంలో ఒక్కసారి చేసే యాత్రలు. మొదటి రేసు అక్కడ చూస్తే, దేన్ని ఎలా చూడాలో తెలియకుండానే సొమ్ము అయిపోతుంది.

సింగపూర్ సంగతి మిగిలింది. 2008లో మొదలైన ఆ రాత్రి రేసు చూడముచ్చటగా ఉంటుంది, కాదనను. మెట్రో ఎక్కితే ట్రాక్ దగ్గరే దిగుతాం. దేవీనవరాత్రుల దీపాల్లా నగరమంతా వెలుగుతుంది. అయితే అదీ గోడల మధ్య వీధి ట్రాకే, చవక టికెట్ కొంటే నిలబడేచోటు కోసం మధ్యాహ్నం నుంచే కాచుకోవాలి, ఉక్కపోత మచిలీపట్నాన్ని గుర్తుచేస్తుంది.

అంత దూరం వెళ్ళేవాడికి నేను చూపించేది దాని పక్కనున్న మలేషియా. సెపాంగ్‌లో ఏటా శరదృతువు చివర మోటోజీపీ జరుగుతుంది. అక్కడ ఫార్ములా 1 కూడా 1999 నుంచి 2017 దాకా నడిచింది. 5.543 కిలోమీటర్ల ఆ ట్రాక్‌లో రెండు పొడవైన స్ట్రెయిట్ల మధ్య మెయిన్ స్టాండు కట్టారు. ముందువైపు ఒక స్ట్రెయిట్, వెనకవైపు ఇంకొకటి, రెండిటి చివరా గట్టి బ్రేకింగ్. ఒక్క సీటుకు అంత దృశ్యం దొరికే ట్రాకులు ప్రపంచంలో బహు కొద్ది. కౌలాలంపూర్ విమానాశ్రయం పక్కనే. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం. భారతీయులకు 2023 డిసెంబరు నుంచి వీసా మినహాయింపు ఇస్తున్నారు, గడువు ఎప్పటిదాకా ఉందో టికెట్ కొనేముందు చూసుకోవాలి. సాయంత్రం వాన తప్పదు కాబట్టి పైకప్పున్న స్టాండే కొనాలి. పైగా బైకులు తెలిసినవాడికి బైకుల రేసులో దొరికే తృప్తి, కార్లలో దొరకదు. మనిషి శరీరమంతా కనబడుతుంది. ఎక్కడ బరువు మోపాడో, ఎక్కడ భయపడ్డాడో కనబడుతుంది.

రెండ్రోజుల తర్వాత షెడ్డుకు పోయి మా అల్లుడికి ఇదే చెప్పాను. ఈ ఏడు ఇరుంగాట్టుకోట్టై. చిట్టీ ముట్టుకోవద్దు, నెల సంపాదనలోంచి సరిపోతుంది. అక్కడ మూడు రోజులూ చూసి, దేని కోసం కళ్ళు వెతుకుతున్నాయో తెలుసుకున్నాక, వచ్చే ఏడు చిట్టీ డబ్బుతో సెపాంగ్. సింగపూర్ పెళ్ళయ్యాక, ఇద్దరూ కలిసి. వాడు కాసేపు స్పానర్ తిప్పుతూ ఊరుకున్నాడు. “ఆ మెకానిక్కుల దగ్గరికి నన్ను రానిస్తరా మామా?” అని అడిగాడు. అడిగి చూద్దాం, మర్యాదగా అడిగితే కాదనేవాళ్ళు తక్కువ అన్నాను.

మీరూ వెళ్ళాలనుకుంటే జాతీయ రేసుల తేదీలు మోటార్ స్పోర్ట్స్ సమాఖ్య ఎఫ్‌ఎంఎస్‌సీఐ క్యాలెండర్‌లో చూడండి. తేదీలు ఒక్కోసారి వారం ముందువెనకలవుతాయి, అందుకే క్లబ్బు నుంచి మరోసారి రూఢి చేసుకోండి. నాందేడ్ నుంచి సికింద్రాబాద్ రైలు, హైదరాబాద్ నుంచి సాయంత్రం చార్మినార్ ఎక్స్‌ప్రెస్, పొద్దునకల్లా చెన్నై. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది.